తొమ్మిదో నిబంధన

అరవై డబ్బాల మీద మొగుడి పేరు అంటించడానికి ఆమెకు ముప్పావు గంట పట్టింది. చీటీ వంకరగా పోకూడదు, కింద గాలి బుడగలు నిలవకూడదు, అంచు మడత పడకూడదు. "వంకరగా ఉంటే నా పరువు పోతుంది" అని పొద్దున ఆఫీసుకు వెళ్తూ గుమ్మంలో ఆగి మరీ చెప్పి వెళ్లాడు. చీటీ మీద పైన "ఇంటి వంటగదిలో తయారైనది" అని ఉంది. దాని కింద "తయారుచేసినవారు" అని, ఎదురుగా ఆయన పేరు, ఇంటిపేరుతో, చదివిన డిగ్రీతో సహా. బిస్కెట్లకు డిగ్రీ ఏమిటని అచ్చు వేసినవాడైనా అడగలేదు. ఆ వెన్న బిస్కెట్ల పిండిలో ఆయన చెయ్యి ఎప్పుడూ పడలేదంటే మాత్రం అన్యాయమే అవుతుంది. ఒకసారి పడింది. వేలి ఉంగరం కనిపించక, అందులో గానీ జారిందేమోనని గిన్నెడు పిండీ కెలికి చూశాడు. ఉంగరం ఆయన చొక్కా జేబులోనే దొరికింది. ఆ పిండి పారబోసి ఆమె మళ్లీ కలుపుకుంది.

వీధిలో ఆమెను బిస్కెట్లమ్మ అంటారు. ఆరేళ్ల కిందట కూతురి బడిలో ఏదో కార్యక్రమానికి తలా ఒకటి చేసి తెమ్మంటే, రెండు పళ్లేల బిస్కెట్లు చేసి పంపింది. పళ్లేలు ఖాళీగా తిరిగొచ్చాయి, వాటి వెనకే "మాక్కూడా చేసిస్తారా" అంటూ నలుగురు తల్లులు వచ్చారు. వీధి చివర కుట్టుమిషను పెట్టుకుని ఒంటరిగా బతికే టైలరక్క ఒక డబ్బా తీసుకెళ్లి మిషను పక్కన పెట్టింది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు ఒకటి నోట్లో వేసుకుని, పోతూ పోతూ ఇవి ఎక్కడ దొరుకుతాయని అడిగేవారు. అలా మొదలైంది. ఇంటిపనంతా అయ్యాక, అంటే ఆయన ఫలహారం, ఆయన భోజనం డబ్బా, అత్తగారి మాత్రలు, వేడినీళ్లు, గిన్నెలు, బట్టలు, ఇవన్నీ అయ్యాక పది గంటలకు పిండి గిన్నె ముందు పెట్టుకునేది. "ఏదో కాలక్షేపానికి చేస్తూ ఉంటుందిలే" అని ఆయన స్నేహితులతో అనేవాడు. కూతుర్ని హాస్టల్లో ఉంచి చదివిస్తున్నది ఆ కాలక్షేపమేనని ఆ స్నేహితులకు ఎప్పుడూ చెప్పలేదు.

ఒకరోజు టైలరక్క మిషను ఆపి, "చెల్లీ, ఇవాళ ఎవరో ఆఫీసువాళ్లొచ్చారు. ఈ డబ్బా ఎక్కడిది, దీని మీద చీటీ ఏది అని అడిగారు. ఇంట్లో చేసింది అమ్మాలంటే ఇప్పుడు అనుమతి తీసుకోవాలట. లేకపోతే నేరమట" అంది.

నేరం అన్న మాటను దారి పొడుగునా మోసుకుంటూ ఆమె ఇంటికొచ్చింది. జల్లెడ పట్టని పిండి ఏనాడూ వాడని మనిషి, నిన్నటి వెన్న వాసన మారితే మొత్తం పక్కన పెట్టేసే మనిషి, ఆరేళ్లుగా నేరం చేస్తోందన్నమాట! రెండు రోజులు ఓవెన్ ముట్టుకోలేదు. ఫోనులో సంగతి విని, మూడోరోజు కూతురు హాస్టలు నుంచి నిబంధనల పుస్తకం అచ్చు తీయించి పోస్టులో పంపింది. అట్ట మీద పెన్నుతో రాసింది: "అమ్మా, పదహారు పేజీలే. భయపడకు. నీ పేరు మీద తీసుకో." 'నీ' కింద రెండు గీతలు కొట్టింది.

ఆ పదహారు పేజీలు ఆమె, అమ్మడానికి కాకుండా కూతురికి పంపడానికి చేస్తూ, ఓవెన్‌లో పళ్లెం పెట్టి తీసే వ్యవధుల్లో చదివింది. ఒక పళ్లేనికి రెండు పేజీల చొప్పున. మీగడ, మాంసం పెట్టినవి అమ్మకూడదు. ఫ్రిజ్ అవసరం లేకుండా నిలవుండేవే అమ్మాలి. తల కప్పుకోవాలి, గోళ్లు కత్తిరించుకోవాలి. అమ్మకపు సరుకు ఒక అరలో, ఇంటి సరుకు వేరే అరలో ఉండాలి. నీటి పరీక్ష చేయించాలి. తయారుచేసే మనిషి ఆ ఇంట్లోనే నివసించాలి. ఒక ఇంటికి ఒకటే అనుమతి. ఇవన్నీ ఆమెకు కొత్తగా ఏమీ అనిపించలేదు, చాలావరకు చేస్తున్నవే. తొమ్మిదో నిబంధన దగ్గర మాత్రం పేజీ తిప్పడం మర్చిపోయింది. ఓవెన్‌లో అంచులు నల్లబడుతున్న వాసన వచ్చేదాకా అక్కడే ఉండిపోయింది.

"నమోదు చేసుకున్న పని వేళల్లో అనుమతి పొందిన వ్యక్తి, నమోదైన సహాయకులు తప్ప ఇంటిలోని ఇతరులెవ్వరూ వంటగదిలోనికి ప్రవేశించరాదు. ఆ వేళల్లో ఇంటివంట చేయరాదు. గది తలుపు మూసి ఉంచవలెను."

ఆ వంటగదికి తలుపే లేదు. కట్టినప్పుడే పెట్టలేదు. వంటగదికి తలుపెందుకు, లోపలేం దాచుకుంటారు అనుకుని ఉంటారు. పడకగదికి తలుపుంది, స్నానాలగదికి ఉంది, ఆయన ఫైళ్లు పెట్టుకునే బీరువాకు రెండు తాళాలున్నాయి. పందొమ్మిదేళ్లుగా ఆమె రోజుకు పదిగంటలుండే గది మాత్రం నడిదారిలా ఉండేది. చేతులు పిండిలో ఉండగా "ఒక గ్లాసు వేడినీళ్లు", ఉడుకుతున్న జామ్ కలుపుతుండగా "నా గళ్ల చొక్కా ఏది", పళ్లెం బయటికి తీస్తుండగా వెనకనుంచి అత్తగారు చెయ్యి చాచి ఒకటి తీసుకుని, కొరికి, "తీపి తగ్గింది" అని మిగతా సగం పళ్లెంలోనే పెట్టేసి పోయేది. ఎవరూ లోపలికి రాకూడదని, ఆ సమయంలో ఇంటివాళ్లకు వండనక్కర్లేదని, ఎవరో ఎక్కడో కూర్చుని, తనను చూడకుండానే, తన కోసం రాసినట్టు అనిపించింది. పెళ్లిలో ఇచ్చిన ఏ మాటా ఆమెకు అంత ఆనందం ఇవ్వలేదు.

అత్తగారికి చదివి వినిపించింది. ముసలావిడ అద్దాలు పైకి తోసుకుని, "మళ్లీ చదువు" అంది. మళ్లీ చదివింది.

"అలా రాశారా నిజంగా? ఎవరూ రాకూడదనా?"

"రాశారత్తయ్యా."

"కట్టుకున్నవాడు కూడానా?"

"ఇంట్లోవాళ్లు ఎవరైనా సరే."

అత్తగారు అద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "మా రోజుల్లో ఎవరూ రాయలేదమ్మా" అని లేచి వెళ్లిపోయింది. ఆ గొంతులో ఉన్నది ఎగతాళో మరొకటో ఆమెకు ఆరోజు తెలియలేదు.

ఆయన బీమా ఆఫీసులో గుమస్తా. పొద్దున పది నుంచి సాయంత్రం ఐదుదాకా జనం నింపి తెచ్చిన ఫారాల్లో తప్పులు పట్టడం ఆయన ఉద్యోగం. అలాంటివాడు ఇంట్లో ఫారం ఇంకొకరి చేతికిస్తాడా? భోజనాల బల్ల మీద గుడ్డ తీయించి, దీపం దగ్గరికి జరిపించి, నల్ల పెన్నుతో కూర్చున్నాడు. ఆమె టీ తెచ్చేసరికి మొదటి గడి నిండిపోయింది. అనుమతి కోరు వ్యక్తి, అంటే తయారుచేయు వ్యక్తి పేరు అన్నచోట ఆయన పేరుంది.

"చేసేది నేను కదండీ. నా పేరు రాయాలి."

"ఇల్లు నా పేరున ఉంది, గ్యాసు నా పేరున ఉంది, కరెంటు నా పేరున ఉంది. మధ్యలో నీ పేరొస్తే వంద ప్రశ్నలు అడుగుతారు. అయినా నువ్వూ నేనూ వేరా?"

ఈ మాట ఆమె మామగారి ఇల్లు ఆయన పేరుకు మార్పించుకున్నప్పుడు విన్నది. బిస్కెట్ల సంపాదనతో ఓవెన్ కొని బిల్లు రాయించుకున్నప్పుడు విన్నది. డబ్బు ఏ ఖాతాకు రావాలన్నప్పుడు విన్నది. రాయాల్సింది ఏదైనా ఉంటే ఇద్దరూ ఒకటే. ఎంగిలి కంచాలు తీసేటప్పుడు, ఆయన తల్లికి జ్వరమొచ్చి మంచం మీద కక్కుకున్నప్పుడు మాత్రం ఎందుకో వేరైపోయేవారు. ఇదంతా ఆమె మనసులోనే అనుకుంది. పైకి, "సహాయకుల గడిలోనైనా నన్ను రాయండి" అంది.

"రాస్తే నీకు మళ్లీ డాక్టరు సర్టిఫికెట్టు, మళ్లీ పరీక్ష, మళ్లీ ఫీజు. ఎందుకొచ్చిన తలనొప్పి?" అని సహాయకులు అన్న గడిలో "లేరు" అని చక్కటి చేతిరాతతో రాశాడు. పని వేళలు అన్నచోట తను ఆఫీసులో ఉండే సమయం రాస్తే బాగోదు కనుక ఉదయం ఆరు నుంచి తొమ్మిది అని రాశాడు. అది ఆమె ఆయనకు ఫలహారం, డబ్బా సర్దే వేళ. ఈ ఇంట్లో ఎంతకాలంగా నివసిస్తున్నారు అన్న ప్రశ్నకు "పుట్టినప్పటి నుంచి" అని రాసి, పెన్ను మూత పెట్టాడు. ఆ గడి దగ్గర ఆమె ఆగిపోయింది. నన్ను అడిగితే ఏం రాస్తాను? పందొమ్మిదేళ్లు. కానీ అత్తగారు ఇవాళ్టికీ వచ్చినవాళ్లతో "మా కోడలు, మా ఇంటికి వచ్చాక వంట నేర్చుకుంది" అనే అంటుంది. పందొమ్మిదేళ్లుగా వస్తూనే ఉంది, ఇంకా చేరలేదు.

శుభ్రత పరీక్ష కంప్యూటర్లో రాయాలి. ఆయన పేరుతో లోపలికి వెళ్లి, కుర్చీలోంచి లేచి ఆమెను కూర్చోబెట్టాడు. వెనక నిలబడి అరటిపండు తింటూ, "తొందరగా, టైము పోతోంది" అని గుర్తుచేస్తూ వచ్చాడు. నలభైకి ముప్పైతొమ్మిది వచ్చాయి. "ఆ ఒక్కటీ ఎలా తప్పావు?" అన్నాడు. సర్టిఫికెట్టుకు చట్రం కట్టించి, నిబంధన ప్రకారం వంటగది గోడకు తగిలించాడు. ఆఫీసులో అందరూ చేతులు కలిపారట, బిస్కెట్ సారు అని పేరు కూడా పెట్టారట. ఇంటికొచ్చి ఆ ముచ్చట చెబుతూ పొంగిపోయాడు. ఆమె గిన్నెలు కడుగుతూ విన్నది.

ఒక్క తలుపు విషయంలో మాత్రం ఆయన పప్పులుడకలేదు. అది లేకపోతే అనుమతి రాదు. వడ్రంగి వచ్చి రెండు రోజులు కొట్టి, చెక్కి, లోపలివైపు గడియతో తలుపు బిగించాడు. అతను వెళ్లాక ఆమె దాన్ని వేసి చూసింది, తీసి చూసింది, మళ్లీ వేసింది. లోపల అంత నిశ్శబ్దం ఉంటుందని ఆమెకు తెలియదు. ఓవెన్ వేడెక్కేటప్పుడు చిన్నగా టిక్కుమంటుందని ఇన్నేళ్లలో మొదటిసారి వినబడింది.

మొదటి తనిఖీకి ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి, మోకాలి నొప్పి, మెట్టు మెట్టుకూ ఆగుతుంది. ప్రశ్నలన్నీ ఆయనకే వేసింది. "ఓవెన్ థర్మామీటరు ఎక్కడ పెడతారు సార్?" అంటే ఆయన గట్టు మీది డబ్బాలు అటూ ఇటూ జరిపాడు. ఆమె వెనకనుంచి కళ్లతో రెండో సొరుగు చూపింది. ఆయన మొదటి సొరుగు తీశాడు. ఇన్‌స్పెక్టరమ్మ ఇద్దరినీ చూసి, కాగితం మీద గుర్తులు పెట్టుకుని, అనుమతి ఇచ్చి వెళ్లింది.

అరవై డబ్బాల మీద చీటీలు అంటించిన ఆ ఉదయమే, పదకొండింటికి, చెప్పాపెట్టకుండా మళ్లీ వచ్చింది.

ఆమె మోచేతుల దాకా పిండితో తలుపు తీసింది. అత్తగారు ముందుగదిలో కునుకు తీస్తోంది. ఇన్‌స్పెక్టరమ్మ వంటగది గడపలో నిలబడి లోపలికి చూసింది. గోడ మీద ఆయన సర్టిఫికెట్టు, దాని కింద ఓవెన్, ఓవెన్ అద్దం వెనక ఎర్రటి వెలుగులో నాలుగు వరసల బిస్కెట్లు ఉబ్బుతున్నాయి.

"సారు లేరా?"

"ఆఫీసుకు వెళ్లారండీ."

"మరి మీరేం చేస్తున్నారమ్మా?"

ఎవరైనా వచ్చి అడిగితే ఏం చెప్పాలో ఆయన ఎప్పుడో నేర్పి ఉంచాడు. అదే నోట్లోంచి వచ్చేసింది.

"తుడుస్తున్నానండీ."

"తుడిస్తే బిస్కెట్లు తయారవుతాయా?"

గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. ఆమెకు మాత్రం నేల చీలితే బాగుండుననిపించింది. చట్టం తప్పినందుకు కాదు. ఈ చేతుల మీద పళ్లెం కాల్చిన మచ్చలు ఎన్నున్నాయో లెక్కలేదు. ఏ కాలంలో పిండి ఎంత నీరు పీలుస్తుందో, ఏ వెన్న ఎంతసేపటికి మెత్తబడుతుందో ఈ వేళ్లకే తెలుసు. పేరు ఆయన తీసుకున్నాడు, సరే. డబ్బు ఆయన ఖాతాలో పడింది, సరే. పని మాత్రం నాది కదా అని ఇన్నాళ్లూ లోలోపల ఒక ధీమా ఉండేది. ఇప్పుడు ఆ పనిని కూడా తన నోటితో తనే కాదనేసింది. ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు. "నేనే చేస్తున్నాను" అనడానికి రెండు మాటలు చాలు. ఆ రెండూ రాలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇన్‌స్పెక్టరమ్మ కుర్చీలో కూర్చుని మోకాలు ఒత్తుకుంటూ నోటీసు రాసింది. "నమోదైన వేళలు కాని సమయంలో, అనుమతి లేని వ్యక్తి వంటగదిలో పనిచేయుచుండగా కనుగొనబడినది. రెండవసారి జరిగినచో అనుమతి రద్దగును." ఆమె పెన్ను కోసం చెయ్యి చాచింది. "మీ సంతకం చెల్లదమ్మా. సారు పెట్టాలి" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

గుమ్మం దాటబోతుండగా ఆమె అడిగింది. "దాన్ని నా పేరుకు మార్చుకోవచ్చాండీ?"

"మార్చడం కుదరదు. ఆయన వదులుకుంటే మీరు కొత్తగా పెట్టుకోవచ్చు. ఒక ఇంటికి ఒకటే ఇస్తాం."

"వదులుకోకపోతే?"

ఇన్‌స్పెక్టరమ్మ కాసేపు ఆమె చేతుల వంక చూసింది. "వేరేచోట పెట్టుకోవాలి. అద్దెగది అయినా సరే, పొయ్యి, తలుపు ఉండాలి. మీరు అందులో ఉండాలి. పొద్దున వెళ్లి వండి వచ్చేస్తానంటే ఒప్పుకోరు" అని, సంచిలోంచి ఒక ఖాళీ ఫారం తీసి బల్ల మీద పెట్టి, మెట్టు మెట్టుకూ ఆగుతూ దిగి వెళ్లిపోయింది. ఆమె ఆ ఫారాన్ని మడిచి అరలో వేసిన కాగితం కింద పెట్టింది.

సాయంత్రం ఆయన నోటీసు చదివి కళ్లెర్రజేశాడు. "ఒక్క అబద్ధం కూడా సరిగ్గా ఆడటం రాదా నీకు? ముందు ఓవెన్ ఆపి తలుపు తీయాలని తెలీదా?"

"మీరు వదులుకోండి. నా పేరున తీసుకుంటాను" అంది ఆమె.

"నా సర్టిఫికెట్టు నేను వదులుకోవాలా! ఆఫీసులో ముఖం ఎలా చూపించను? బిస్కెట్ సారు ఏమయ్యాడంటే ఏం చెప్పను, మా ఆవిడకు ఇచ్చేశానని చెప్పనా?" ఆ ఊహకే ఆయనకు నవ్వొచ్చింది. "ఇకనుంచి అమ్మ వీధి గుమ్మంలో కూర్చుంటుంది. ఎవరైనా వస్తే దగ్గుతుంది. నువ్వు పక్కింటికి పో. అన్నట్టు మా మేనేజరు రిటైరవుతున్నాడు. సోమవారానికి రెండు వందల డబ్బాలు ఇస్తానని మాటిచ్చేశాను. ఆదివారం అంతా ఖాళీయే కదా నీకు."

ఆమె సరేనని గానీ కాదని గానీ అనలేదు. పందొమ్మిదేళ్ల అలవాటు ప్రకారం ఆయన దాన్ని సరే అనుకున్నాడు.

ఆదివారం ఆమె రోజూ కంటే ముందే లేచింది. గట్టు తుడిచింది, పిండి డబ్బా, చక్కెర, వెన్న వరసగా పెట్టింది. ఎవరు చేసినా సరే, గట్టు మురికిగా ఉంటే ఆమెకు ప్రాణం ఒప్పదు. సరిగ్గా ఆరింటికి పడకగదిలోకి వెళ్లి ఆయన్ని లేపింది. చేతిలో ఏప్రన్, తలకు పెట్టుకునే టోపీ ఉన్నాయి.

"పని వేళ అయిందండీ."

ఆయన కళ్లు నులుముకుంటూ, ఏదో కల అనుకున్నట్టు ఏప్రన్ అందుకున్నాడు. వంటగది దాకా వచ్చాక గానీ తెలివి రాలేదు. "ఏమిటిది?"

"నేను లోపలికి రాకూడదు. అనుమతి లేని వ్యక్తిని" అని, ఆమె బయటనుంచి తలుపు దగ్గరికి లాగింది.

మొదటి పావుగంట ఆయనకు సరదాగానే ఉన్నట్టుంది. లోపలనుంచి కేకలు వినిపించాయి. "చూస్తాను, ఇదేం బ్రహ్మవిద్యా?" ఆ తరవాత, "వెన్న ఎంత?" అన్నాడు. "పిండికి సగం" అంది ఆమె ముందుగదిలోంచి. "పిండి ఎంత?" అంది లోపలి గొంతు. "ఎన్ని డబ్బాలకు మాటిచ్చారో దాన్నిబట్టి" అంది. మాట్లాడకూడదని ఏ నిబంధనలోనూ లేదు కనుక అడిగినదానికల్లా నిజమే చెప్పింది. పిండి చేతికి ఎలా తగిలితే కలపడం ఆపాలో మాత్రం అక్కడినుంచి ఎలా చెబుతుంది? ఏదో కిందపడి పగిలింది. తలుపు తెరుచుకుంది. గడ్డానికి పిండితో ఆయన బయటికొచ్చాడు.

"చాల్లే ఆట. రా."

ఆమె కుర్చీలోంచి కదల్లేదు.

"వాడికేం చేతనవుతుందే, మగపిల్లాడు" అంది అత్తగారు. ఆ మగపిల్లాడికి నలభైఎనిమిదేళ్లు. "లేచి వెళ్లు."

"తొమ్మిదో నిబంధన అత్తయ్యా."

ముసలావిడ కొడుకును చూసింది, కోడల్ని చూసింది, ఆ కొత్త తలుపును చూసింది. "అయితే నేను కూడా వెళ్లకూడదా?" అంది.

"మీరూ వెళ్లకూడదు."

అత్తగారు కాళ్లు నెమ్మదిగా ముందుకు చాపుకుని, కుర్చీలో వెనక్కి వాలింది.

ఎనిమిదింటికి మాడిన వాసన ఇల్లంతా నిండింది. ఆమెకు ఏడుపొచ్చింది. ఆయన మీద జాలితో కాదు, ఆ ఓవెన్ మీద, ఆ వెన్న మీద ప్రేమతో. రెండుసార్లు కాళ్లు వాటంతటవే లేవబోయాయి. రెండుసార్లూ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చుంది. మంచి పని పాడవుతుంటే చూస్తూ కూర్చోవడం ఇంత కష్టమని ఆమెకు తెలియదు.

తొమ్మిదింటికి ఆయన ఏప్రన్ విప్పి నేలకేసి కొట్టాడు. ముఖం కందగడ్డలా ఉంది. కాసేపు అరిచాడు. తల్లి కూడా వత్తాసు పలకకపోయేసరికి గొంతు తగ్గించాడు. వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఆఫీసులో మొండి కస్టమరుతో మాట్లాడే పద్ధతిలో మాట్లాడాడు.

"ఇప్పుడు నీకు కావాల్సిందేమిటి? పేరేగా? సరే, నేనే తగ్గుతున్నాను. రేపు వెళ్లి సహాయకులు అన్న గడిలో నీ పేరు రాయిస్తాను. ఫీజు కూడా నేనే కడతాను. సంతోషమేనా?"

ఆ మాటలో మోసం లేదు. ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. తనకు సాధ్యమైనంత ఉదారంగా ఆయన ఇవ్వగలిగింది అదే, ఆ ఒక్క గడి. ఆమె ఇన్నేళ్లూ ఆయన తెలిసీ చేస్తున్నాడనుకుంది. తెలిసి చేసేవాడైతే ఏనాటికైనా సిగ్గుపడతాడన్న ఆశ ఉండేది. అది కూడా పోయింది.

లేచి వంటగదిలోకి వెళ్లింది. ఆయన "హమ్మయ్య" అని ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. పని వేళ అయిపోయింది కనుక ఇప్పుడు ఆమె లోపలికి వెళ్లవచ్చు. గట్టు నిండా పిండి, నేల మీద గాజుపెంకులు, పళ్లెంలో నల్లటి బిళ్లలు. చీపురు తీసి పెంకులు ఊడ్చింది, అత్తగారి కాళ్లకు గుచ్చుకుంటాయని. అరలోని కాగితం కింద నుంచి మడిచిన ఫారం తీసుకుంది. కొలత గిన్నె తీసుకుంది. అది పుట్టింటి నుంచి తెచ్చుకున్నది, దానికి బిల్లు లేదు. ఓవెన్ తలుపు మీద ఒకసారి చెయ్యి ఆనించింది. ఇంకా వేడిగానే ఉంది.

ముందుగదిలోంచి బయటికి వెళ్తుంటే "ఎక్కడికి?" అన్నాడాయన. "వెన్న తేవడానికేమోలేరా" అంది అత్తగారు, ఆమె చేతిలోని గిన్నెను చూసి, ఆమె కళ్లలోకి చూడకుండా.

టైలరక్క కొట్టు వెనక రెండు గదులు. ఆ పొయ్యి వెలిగి రెండేళ్లయిందని, ఒక్కదాని కోసం ఏం వండుకుంటానని బయటినుంచి తెప్పించుకుంటున్నానని ఆవిడే చాలాసార్లు చెప్పింది. ఆమె వచ్చి, అరువు అడిగినట్టు తడబడుతూ సంగతి చెప్పింది. టైలరక్క మిషను మీది గుడ్డ పక్కకు నెట్టి చోటు చేసింది. "ఓవెన్ లేదు చెల్లీ నా దగ్గర" అంది.

"జామ్ చేస్తాను. దానికి పొయ్యి చాలు."

"చేసుకో. పొద్దున వచ్చి సాయంత్రం పో."

"అలా ఒప్పుకోరక్కా. చేసే మనిషి అక్కడే ఉండాలట."

టైలరక్క సూదిలోకి దారం ఎక్కిస్తున్నదల్లా ఆగింది. ఆమెను పైనుంచి కిందికి చూసింది. పిండి అంటిన చీర, చేతిలో గిన్నె, మడతలు పడిన కాగితం. సొరుగు తెరిచి, సుద్దముక్కలు, బొత్తాల మధ్య వెతికి పెన్ను తీసిచ్చింది.

తయారుచేయు వ్యక్తి పేరు. ఆ గడిలో తన పేరు రాసింది. చీటీ అంటించినంత నిదానంగా, వంకర పోకుండా. సహాయకులు, లేరు. పని వేళలు, ఉదయం పది నుంచి రెండు. పదార్థం, పండ్ల జామ్. చిరునామా టైలరక్క చెబుతుంటే రాసుకుంది. రేపు ఆయన వస్తాడు, అరుస్తాడు, నువ్వూ నేనూ వేరా అంటాడు. కూతురికి ఫోను చేసి చెప్పాలి. కట్టుబట్టలైనా తెచ్చుకోలేదు. జామ్ కొనేవాళ్లు ఉంటారో ఉండరో తెలియదు. ఇంకొక్క గడి మిగిలింది.

"ఈ ఇంట్లో ఎంతకాలంగా నివసిస్తున్నారు?"

మిషను చప్పుడు మళ్లీ మొదలైంది. ఆమె ఆ ప్రశ్నను రెండుసార్లు చదివి, గడి దాటిపోకుండా, చిన్న అక్షరాలతో రాసింది: "ఈ రోజు నుంచి."